మెలికల ముగ్గు కోడ్: 47 దగ్గర ఆగిపోయిన ఒక ఎన్‌ఎఫ్‌టీ ప్రాజెక్టు

కోడ్ రాసి బొమ్మలు తయారుచేసి, వాటిని ఎన్‌ఎఫ్‌టీలుగా (ఎవరిదన్నది బ్లాక్‌చెయిన్ అనే ఉమ్మడి డిజిటల్ పద్దులో నమోదయ్యే వస్తువులుగా) అమ్మేవాళ్లకు, విడుదలకు ముందు కోడ్ చూసిపెట్టడం, ఎన్ని అమ్మాలి, ఎంతకు అమ్మాలి అన్నదాంట్లో సలహా ఇవ్వడం నా పని. ఈ కేసును ఆ కళాకారిణి అనుమతితో రాస్తున్నాను. ఆమె పేరు, ఊరు, ప్రాజెక్టు పేరు, అమ్మిన వేదిక పేరు తీసేశాను. అంకెలు మాత్రం మార్చలేదు, ఎందుకంటే ఇందులో నేర్చుకోవాల్సింది అంకెల్లోనే ఉంది.

ముందు కొంత నేపథ్యం

కంప్యూటర్‌కు నియమాలు చెప్పి, కొంత యాదృచ్ఛికతకు వదిలేసి బొమ్మ గీయించడం క్రిప్టోతో పుట్టిన పని కాదు. జర్మనీలో గియోర్గ్ నీస్ 1965లోనే అలాంటి బొమ్మలను ప్రదర్శనకు పెట్టారు. వెరా మోల్నార్ 1960ల చివరి నుంచి ప్లాటర్ (పెన్నుతో గీసే యంత్రం) మీద గీయించారు. క్రిప్టో తెచ్చిన మార్పు అమ్మే పద్ధతిలో. 2020 నవంబర్‌లో ఎరిక్ కాల్డెరాన్ ఇథీరియం అనే బ్లాక్‌చెయిన్ మీద ఆర్ట్ బ్లాక్స్ అనే వేదికను మొదలుపెట్టారు. అక్కడ కళాకారుడు బొమ్మను కాదు, కోడ్‌ను పెడతాడు. కొనేవాళ్లు డబ్బు కట్టిన క్షణంలో ఒక హ్యాష్, అంటే అంకెలూ అక్షరాలూ కలిసిన యాదృచ్ఛికమైన వరస, పుడుతుంది, 64 అక్షరాల పొడవుంటుంది. ఆ హ్యాష్‌ను కోడ్‌కు విత్తనంగా ఇస్తే అప్పుడు బొమ్మ వస్తుంది. అంతవరకు అది ఎలా ఉంటుందో కొన్నవాళ్లకూ తెలియదు, కళాకారుడికీ తెలియదు. ఏడాది తర్వాత, 2021 నవంబర్‌లో, ఎఫ్‌ఎక్స్‌హ్యాష్ అనే వేదిక ఇదే పద్ధతిని టెజోస్ అనే ఇంకో బ్లాక్‌చెయిన్ మీదికి తెచ్చింది. అక్కడ అప్పట్లో ఫీజులు చాలా తక్కువ, ఎవరైనా ప్రాజెక్టు పెట్టుకోగలిగేవారు. మన దేశం నుంచి కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు ఆ దారి తేలిక అనిపించింది.

ఆమె వృత్తి సాఫ్ట్‌వేర్, హైదరాబాద్‌లో ఉద్యోగం. రాత్రిళ్లు పీ5.జేఎస్‌లో (కోడ్‌తో బొమ్మలు గీసే సాధనం) బొమ్మలు రాసేది. అమ్మది గోదావరి వైపు పల్లె. ధనుర్మాసం నెల్లాళ్లూ వాకిట్లో రోజుకో మెలికల ముగ్గు, వేసింది మళ్లీ వేయకుండా వేసే మనిషి. ఆ ముగ్గులే కూతురి ప్రాజెక్టుకు మూలం. చుక్కల మధ్య గీత తిరిగే ముగ్గుకూ ప్రోగ్రామింగ్‌కూ చుట్టరికం పాతదే. మద్రాస్ క్రిస్టియన్ కాలేజీలో గిఫ్ట్ సిరోమనీ, ఆయన సహచరులు 1970లలోనే తమిళ కోలాలను వ్యాకరణ నియమాలుగా రాసి పరిశోధన చేశారు.

ఆమె తెచ్చిన సమస్య

2022 జూన్‌లో ఆమె 400 కాపీల (ఒక్కోదానిలో ఒక్కో ముగ్గు) ప్రాజెక్టు విడుదల చేసింది. ఒక్కోటి 6 టెజ్ (టెజోస్ నాణెం). మొదటి నాలుగు రోజుల్లో 38 అమ్ముడయ్యాయి. తర్వాత నెలన్నర ఒక్కటి కూడా కదల్లేదు. ఆగస్టులో నా దగ్గరికి వచ్చినప్పుడు ఆమె మనసులో కారణం ఒక్కటే: "మార్కెట్ పడిపోయిందండీ."

అది అబద్ధం కాదు. టెజ్ 2021 అక్టోబర్‌లో 9 డాలర్ల దాకా వెళ్లింది, ఆ జూన్‌కు డాలరున్నర దగ్గరికి వచ్చేసింది. మే నెలలో టెరా అనే క్రిప్టో నాణెం కూలిపోయాక అందరి చేతులూ ముడుచుకున్నాయి. కానీ అదే రోజుల్లో, అదే వేదిక మీద, పేరు లేని కొత్తవాళ్ల ప్రాజెక్టులు కొన్ని పూర్తిగా అమ్ముడవడం నేను చూశాను. మార్కెట్ పడటం ఆమె ఒక్కర్తికే వర్తించే కారణం ఎలా అవుతుంది? ఈ ప్రశ్న నేను మొదటి రోజే గట్టిగా అడగాల్సింది. అడగలేదు.

చేసి చూసినవి, పనిచేయనివి

మొదట ధర తగ్గించాం. ఆమె అడిగింది, నేను సరే అన్నాను. కోడ్ తెరిచి చూడకముందే సరే అన్నాను, ఈ కేసులో నా పెద్ద తప్పు ఇదే. అప్పుడు నా లెక్క ఏమిటంటే, టెజ్ విలువ పడినా బ్లూ చిప్ (పేరుమోసినది) కాని ప్రాజెక్టుకు 6 ఎక్కువే, 3కి దింపితే కొంత కదలిక వస్తుంది అని. తొమ్మిది కదిలాయి. దాంతో మొత్తం 47. మొదటి రోజుల్లోనే నమ్మి 6 పెట్టి కొన్న 38 కాపీలవాళ్ల ముఖం మీద మాత్రం కొట్టినట్టయింది. వాళ్లలో ఒకరు తన మూడింటినీ 2 టెజ్‌కు అమ్మకానికి పెట్టేశారు. ఇక 3 పెట్టి కొత్తది ఎవరు తీసుకుంటారు? తగ్గించిన ధర కింద ఇంకో ధర పుట్టింది.

తర్వాత ప్రచారం. మూడు వారాలు వరుసగా ట్విట్టర్ స్పేసుల్లో (ఎవరైనా వినగలిగే లైవ్ సంభాషణలు) మాట్లాడింది. అమ్మ ముగ్గుల కథ చెప్పేది, తన పేజీలో పెట్టిన పన్నెండు బొమ్మలు చూపించేది. విన్నవాళ్లు నిజంగానే మెచ్చుకున్నారు. మెచ్చుకుని, ప్రాజెక్టు పేజీకి వెళ్లి, ఏమీ కొనకుండా వెళ్లిపోయారు. (ఈ వారాల్లోనే ‘కలిసి పనిచేద్దాం’ అంటూ ఫైల్ జతచేసిన మెసేజ్‌లు ఆమెకు నాలుగైదు వచ్చాయి. వాటిని తెరవలేదు కాబట్టి క్రిప్టో, ఎన్‌ఎఫ్‌టీలు దాచుకునే వాలెట్ మిగిలింది. కొత్తవాళ్లు ఇది తప్పక గుర్తుంచుకోవాలి: ప్రచారం మొదలుపెట్టిన రోజే దొంగలు కూడా వస్తారు.)

మూడోది మేం చర్చించి వదిలేసిన దారి. వందలో ఒకటి బంగారు గీతతో వచ్చేలా అరుదైన లక్షణం కలుపుదాం అని ఆమె అంది. పెట్టిన కోడ్ మార్చలేం కాబట్టి దానికి కొత్త ప్రాజెక్టు పెట్టాలి. వద్దన్నాను. బంగారు గీత పెడితే జనం బంగారం కోసం కొంటారు, మిగతా తొంభై తొమ్మిదీ రాని లాటరీ టికెట్లు అవుతాయి. ముగ్గును చూసేవాళ్లు రారు.

స్పేసులు విఫలమయ్యాకే నాకు వెలుగు తగిలింది. జనం మెచ్చుకున్నది పన్నెండు బొమ్మలను. పేజీకి వెళ్లాక చూసింది మాత్రం, అప్పటికే అమ్ముడై కనిపిస్తున్న 47ను.

కోడ్ తెరిచిన రోజు

ఆమె కోడ్‌ను 500 కొత్త హ్యాష్‌లతో నడిపి, అన్ని బొమ్మలనూ చిన్నవిగా ఒకే పెద్ద పట్టీ మీద పరిచాను. ఆమెకు రెండు రంగుల పెన్సిళ్లు ఇచ్చాను. మీ ఇంట్లో గోడకు తగిలించుకునేవాటికి పచ్చ, మీ పేరుతో బయటికి వెళితే సిగ్గుపడేవాటికి ఎరుపు. గంటన్నర పట్టింది. పచ్చవి 71. ఎర్రవి 94. మిగతావి ఒకదానికొకటి తేడా తెలియనివి.

అంటే కొనేవాళ్లకు దాదాపు ఐదింట ఒకటి ఎర్రది వచ్చే అవకాశం ఉంది. ఆమె చూపించిన పన్నెండూ వందల్లోంచి ఏరి పెట్టినవి. ఒక్క బొమ్మను అమ్మేటప్పుడు ఏరి పెట్టడంలో తప్పేమీ లేదు, చిత్రకారులందరూ అదే చేస్తారు. కానీ ఇక్కడ ఆమె అమ్ముతున్నది బొమ్మను కాదు, యంత్రాన్ని. ఆర్ట్ బ్లాక్స్‌లో బాగా పేరొచ్చిన ప్రాజెక్టులు చూడండి: టైలర్ హాబ్స్ ‘ఫిడెంజా’లో 999, ద్మిత్రి చెర్నియాక్ ‘రింగర్స్’లో 1000 ఉన్నాయి, అన్నీ విడుదలయ్యాక పుట్టినవే, మధ్యలో ఎవరూ ఏరలేదు. రింగర్స్‌లో బాతులా వచ్చిన 879వ ముక్కను సోత్‌బీస్ వేలం సంస్థ 2023 జూన్‌లో 62 లక్షల డాలర్లకు అమ్మింది. అందరూ ఆ బాతును చూస్తారు. నేను విద్యార్థులకు చూపించేది ఆ బాతు పక్కన ఉన్న పేరు లేని ముక్కలను. వాటిలో ఏది చేతికొచ్చినా సంతోషంగా పెట్టుకోవచ్చు. కోడ్ బలం దాని అతి బలహీనమైన ఫలితంలో తెలుస్తుంది.

ఆ వారమే ఒక కొనుగోలుదారు నుంచి ఆమెకు మెసేజ్ వచ్చింది. నేను కొన్నది ఫోన్‌లో ఒక ముగ్గు, లాప్‌టాప్‌లో ఇంకో ముగ్గు, మీ పేజీలో మూడోది, వీటిలో నాది ఏది అని.

కారణం పది నిమిషాల్లో దొరికింది. రెండు చుక్కల మధ్య దూరం 60 పిక్సెళ్లు అని ఆమె కోడ్‌లో స్థిరంగా రాసింది. విండో వెడల్పును 60తో భాగిస్తే చుక్కల సంఖ్య. ఫోన్‌లో ఆరు వస్తే లాప్‌టాప్‌లో ఇరవై దాటతాయి. ఒక్కో చుక్క దగ్గర కోడ్ ఒక్కో యాదృచ్ఛిక సంఖ్య తీసుకుంటుంది. తీసుకునే సంఖ్యల లెక్క మారితే తర్వాత వచ్చేవన్నీ మారిపోతాయి, రంగులతో సహా. నడిపిన ప్రతిసారీ వేరే సంఖ్యలిచ్చే మ్యాథ్.రాండమ్ వాడకూడదని ఆమెకు తెలుసు, హ్యాష్‌తో నడిచే జనరేటరే వాడింది. అయినా హ్యాష్ ఒకటే, బొమ్మ మాత్రం స్క్రీన్‌కొకటి. ప్లాట్‌ఫారంది ఇందులో ఏ తప్పూ లేదు, అది ఇచ్చిన కోడ్‌ను ఇచ్చినట్టే నడిపింది.

ఇది దిద్దలేని తప్పు. ఒకసారి పెట్టాక కోడ్‌ను ముట్టుకోలేం, కొనేవాళ్లకు ఆ మాధ్యమం మీద నమ్మకం ఉన్నదే అందుకు.

చెప్పాలా, వద్దా

ఈ నిర్ణయం దగ్గర మేం రెండు రోజులు ఆగాం. "కావాలనే అలా పెట్టాను, స్క్రీన్‌ను బట్టి మారే ముగ్గు అని చెప్పొచ్చు కదండీ?" అని ఆమె అడిగింది. పాపం, భయంతో అడిగిన మాట అది. నా జవాబు రెండు భాగాలు. ఒకటి, కోడ్ అందరూ చదవగలిగేలా బయట ఉంది, అందులో ఆమె చేత్తో రాసుకున్న కామెంటే ఉంది: ‘సైజు సంగతి తర్వాత చూడాలి’. రెండోది, ఎవరూ చదవకపోయినా, తనది ఏదో తెలియక అడిగిన మనిషికి అబద్ధం చెప్పినట్టు అవుతుంది.

మర్నాడు ఆమె నాలుగు పేరాల్లో జరిగింది జరిగినట్టు రాసి పెట్టింది. అమ్ముడుకాని 353నూ బర్న్ చేసేసింది. ఇక అవి ఎప్పటికీ పుట్టవు. కొన్నవాళ్లందరికీ తర్వాతి ప్రాజెక్టులో ఒకటి ఉచితంగా ఇస్తానని మాట ఇచ్చింది.

ముక్కకు ఒకటా, మనిషికి ఒకటా? 47 ముక్కలు 29 వాలెట్లలో ఉన్నాయి. ముక్కకు ఒకటి ఇస్తే కొత్త ప్రాజెక్టులో సగం ఉచితంగా పోతుంది, ఆమెకు ఆరు నెలల పని మిగలదు. వాలెట్‌కు ఒకటి అనుకున్నాం. ఎక్కువ కొన్న ఇద్దరికి మాత్రం విడిగా రాసి, ఏం కావాలో అడిగాం. ఒకరు కొత్త ముక్క చాలన్నారు. మూడు ముక్కలున్న మరొకరు డబ్బు అడిగారు, 18 టెజ్ వెనక్కి ఇచ్చేసింది. మిగిలినవాళ్లలో ఎవరూ తిట్టలేదు. ఇద్దరు ముగ్గురు ఆ నాలుగు పేరాలను తమ పేజీల్లో పంచుకున్నారు.

పనిచేసింది

కొత్త కోడ్ మొదలుపెట్టేముందు ఆమెను ఊరికి పంపాను. ఎర్ర పెన్సిల్ గీసిన బొమ్మలు ప్రింటు తీసుకెళ్లి అమ్మకు చూపించమన్నాను. కోడ్‌లో ఎక్కడ లోపముందో నాకు తెలుసు, ముగ్గులో ఎక్కడ లోపముందో నాకు తెలియదు.

అమ్మ చూసి అన్నది: "ఇవి ముగ్గులు కావే, దారం చిక్కులు. గీత ఎక్కడ మొదలైందో అక్కడికే వచ్చి కలవాలి. ఒక గదిలో ఒక చుక్కే ఉండాలి."

ఈ రెండు వాక్యాలే కొత్త అల్గారిథం. పాత కోడ్ ప్రతి చుక్క దగ్గర పక్క చుక్కతో సంబంధం లేకుండా ఒక వంపును ఏరుకునేది. దాంతో ఒకే బొమ్మలో చిన్న చిన్న విడి చుట్లు పది, ఇరవై వచ్చేవి. కొత్తదాంట్లో తలకిందులుగా మొదలుపెట్టాం. ముందు అన్ని చుక్కల మధ్యా గీతలు ఒకదాన్నొకటి దాటనివ్వాలి. అలా ఎదురు చుక్కల దీర్ఘచతురస్రంలో ఎన్ని విడి చుట్లు వస్తాయో చెప్పే అందమైన లెక్క ఒకటుంది: అడ్డం, నిలువు చుక్కల సంఖ్యల గ.సా.భా. ఎంతో అన్ని. 5 అడ్డం 6 నిలువు అయితే గ.సా.భా. 1, ఒక్కటే గీత. 6 అడ్డం 6 నిలువు అయితే ఆరు గీతలు.

ఆరింటిని ఒకటి చేయాలంటే? రెండు చుక్కల మధ్య కూడలిలో ఒక గోడ పెడితే, వచ్చిన గీత దాటకుండా వెనక్కి మళ్లుతుంది. ఆ కూడలిలో కలిసినవి రెండు వేర్వేరు చుట్లయితే, గోడ పెట్టగానే అవి తప్పకుండా ఒకటవుతాయి. ఒకే చుట్టు తనను తానే దాటే కూడలి అయితే గోడ వల్ల అది రెండుగా చీలవచ్చు, చీలకపోనూ వచ్చు. కాబట్టి పెట్టి చూసి, చీలితే తీసేయాలి. గోడను రెండు చుక్కలనూ విడదీసేలా మాత్రమే పెట్టాం, వాటిని ఒకే గదిలో కలిపేలా పెట్టలేదు. ‘ఒక గదిలో ఒక చుక్క’ అన్న మాట అలా నిలబడింది. ఏ గోడలు ముందు పెట్టాలన్నది హ్యాష్ నిర్ణయిస్తుంది. ఎన్ని హ్యాష్‌లు ఇచ్చినా ఒక్కటే గీత, మొదలైన చోటికే వచ్చి కలుస్తుంది.

సాంకేతికంగా చేసిన మార్పులు త్వరగా చెప్పేస్తాను, విడుదలకు ముందు నేను ఎవరి కోడ్‌లోనైనా చూసేవి ఇవే. యాదృచ్ఛిక సంఖ్యలన్నీ ఆరంభంలోనే తీసుకుని దాచుకోవాలి, గీసే దశలో ఒక్కటి కూడా తీయకూడదు. కొలతలన్నీ పిక్సెళ్లలో కాక 0 నుంచి 1 మధ్య భాగాలుగా రాయాలి. సైన్, కొసైన్ లాంటివి బ్రౌజర్‌ను బట్టి చివరి దశాంశంలో తేడా రావచ్చు, వాటిని వంపు గీయడానికి వాడితే ఫర్వాలేదు, ఏ దారిన వెళ్లాలో తేల్చే షరతులో వాడకూడదు. క్రోమ్, ఫైర్‌ఫాక్స్, సఫారీ, ఒక పాత ఫోన్, అన్నింటిలో ఒకే హ్యాష్‌కు ఒకే బొమ్మ రావాలి. మేం 10,000 హ్యాష్‌లతో నడిపి, ప్రతిదానిలో చుట్ల సంఖ్య 1 అవునో కాదో కోడ్‌తోనే లెక్కించాం. అన్నింటిలో ఒకటే వచ్చింది.

తర్వాత మళ్లీ 500 బొమ్మల పట్టీ, మళ్లీ రెండు పెన్సిళ్లు. ఈసారి ఎర్రవి 6. ఆ ఆరూ లేత నేల మీద తెల్ల గీత వచ్చినవి. ఆ రంగుల జతను తీసేశాం.

ఎన్ని అమ్మాలన్నది కూడా ఆ పట్టీయే చెప్పింది. ఒక్కొక్కటే వరుసగా చూస్తూ, ‘ఇది ఇందాక చూశానే’ అనిపించిన చోట ఆగమన్నాను. మూడుసార్లు చేస్తే 90, 110 మధ్య ఆగింది. 96 పెట్టాం. ధర 12 టెజ్, పాత దానికి రెట్టింపు. డచ్ వేలం వద్దన్నాను. ధర పై నుంచి దిగుతూ వచ్చే ఆ పద్ధతి కొనడానికి జనం తోసుకునే చోట మంచిది, పదిమంది ఉన్న చోట అందరూ దిగేదాకా చూస్తూ కూర్చుంటారు, ముందు కొన్నవాళ్లే మళ్లీ నష్టపోతారు. ఆ గాయం ఒకసారి చూశాం.

2023 సంక్రాంతి వారంలో, యూరప్‌లో సాయంత్రం, అమెరికాలో పొద్దున అయ్యేలా మన రాత్రి తొమ్మిదిన్నరకు విడుదల. పాతవాళ్లకు ఇచ్చిన 29 పోగా అమ్మాల్సినవి 67. రెండు రోజుల్లో 44, మూడు వారాల్లో మిగతావి. 12 టెజ్ కంటే తక్కువకు మళ్లీ అమ్మకానికి పెట్టినవి ఆ మూడు వారాల్లో రెండే.

వచ్చింది 804 టెజ్. టెజ్ డాలరు దగ్గర ఆడుతున్న రోజులవి కాబట్టి ఫీజులు పోక ముందు 65 వేల రూపాయల చుట్టూ. ఇది జీతం కాదు, ఉద్యోగం మానేసే డబ్బు అసలే కాదు. ఆశతో వచ్చే ప్రతి ఒక్కరికీ ఈ అంకె చెబుతాను.

పన్ను గురించి

2022 ఏప్రిల్ నుంచి మన దేశంలో క్రిప్టో, ఎన్‌ఎఫ్‌టీ ఆస్తుల బదిలీ లాభం మీద 30 శాతం పన్ను, పైన సెస్సు. కొన్న ఖరీదు తప్ప ఇంకే ఖర్చూ తగ్గించుకోనివ్వరు, ఒకదాని నష్టాన్ని ఇంకోదాని లాభంలో సర్దుకోనివ్వరు. ఆ జూలై నుంచి బదిలీ మీద 1 శాతం టీడీఎస్ కూడా ఉంది. తానే తయారుచేసి అమ్మిన కళాకారిణికి ఇది ఎలా వర్తిస్తుందన్నది ఆడిటర్ చూసి చెప్పాల్సిన విషయం. ఆమె ఆడిటర్ గారు 30 శాతం కిందే పెట్టుకోమన్నారు. అందుకని మూడో వంతు టెజ్‌ను వచ్చిన వారంలోనే రూపాయల్లోకి మార్పించి పక్కన పెట్టించాను. టెజ్ తర్వాత పడినా పన్ను మాత్రం వచ్చిన రోజు విలువ మీదే పడుతుందేమో అన్న భయం నాది. దాచుకున్నవాళ్లు కొందరు పన్ను కట్టడానికే అప్పు చేయడం చూశాను.

ఈ కేసు తర్వాత నా పనిలో మారినవి

ధర గురించి అడిగినవాళ్లకు ముందు 500 బొమ్మల పట్టీ తెమ్మంటున్నాను. అది చూడకుండా ధర మాట నోట్లోంచి రానివ్వను. పచ్చ, ఎరుపు పెన్సిళ్లు కళాకారుల చేతికే ఇస్తాను, నా చేతిలో ఉంచుకోను. బొమ్మ ఒక సంప్రదాయం నుంచి వచ్చినదైతే, ఆ పనిని చేత్తో చేసే మనిషికి ఒక్కసారైనా చూపించాకే విడుదల అంటాను. ఆమె అమ్మ చెప్పిన రెండు వాక్యాలు నేను కోడ్ ఎన్నిసార్లు చదివినా నాకు దొరికేవి కావు.

ఉచితంగా ఇచ్చిన 29లో ఒకటి ఇంకా ఎవరూ తీసుకోలేదు. ఆ వాలెట్ నుంచి ఏ కదలికా లేదు. ఆమె దాన్ని అలాగే ఉంచింది. ఇప్పుడు సందు చుక్కల ముగ్గు మీద పనిచేస్తోంది. అక్కడ చుక్కల వరసలు ఒకదాని సందులో ఒకటి వస్తాయి కాబట్టి గ.సా.భా. లెక్క నేరుగా కుదరదు. అమ్మ దగ్గర కూర్చుని, ఏ కొలతకు ఎన్ని గీతలు వస్తున్నాయో కాగితం మీద ఒక్కొక్కటే వేయించుకుని లెక్కపెడుతోంది. పోయిన వారానికి పదిహేను చుక్కల దాకా వచ్చారు.